ర్యాండమ్ నంబర్లు చేత్తో పుట్టించి పరీక్షించడం ఎలా?

ఒక అంకెల వరస ముందుపెట్టి "ఇది నిజంగా ర్యాండమేనా?" అని అడిగితే చాలామంది చూసేది ఒక్కటే: అన్ని అంకెలూ ఇంచుమించు సమానంగా వచ్చాయా లేదా. ఆ కొలత అవసరమే, కానీ దానితో పని సగం కూడా పూర్తికాదు. సమానంగా వచ్చి కూడా ఏమాత్రం ర్యాండమ్ కాని వరసను మీరే పది నిమిషాల్లో తయారు చేయవచ్చు. ఈ ప్రయోగంలో ఆ పనీ చేద్దాం.

కావలసినవి: ఒక నాణెం, రంగు వేరువేరుగా ఉన్న రెండు పాచికలు, గళ్ల నోటుపుస్తకం, పెన్ను, ఫోన్‌లో కాలిక్యులేటర్. చివర్లో ఒక స్ప్రెడ్‌షీట్ ఉంటే మంచిది, లేకపోయినా నష్టం లేదు. కూర్చుంటే ఒక పూటలో అయిపోతుంది. పక్కన ఇంకొకరు ఉంటే ఒకరు ఎగరేస్తుంటే ఒకరు రాసుకోవచ్చు.

మొదటి అడుగు: ముందు బుర్రలోంచి రాయండి

నాణేన్ని ఇంకా ముట్టుకోకండి. నాణెం ఎగరేస్తున్నట్టు ఊహించుకుని, వచ్చే ఫలితాలు వంద రాయండి. బొమ్మా బొరుసూ రెండూ ఒకే అక్షరంతో మొదలవుతాయి కాబట్టి బొమ్మకు "మ", బొరుసుకు "ర" అని రాసుకుంటే గందరగోళం ఉండదు. వరసకు పది చొప్పున పది వరసలు. మరీ ఆలోచించకండి, అలాగని గబగబా గీకేయకండి. చూసినవాళ్లు "ఇది నిజంగా ఎగరేసిందే" అని నమ్మేలా ఉండాలి, అదొక్కటే షరతు.

ఈ అడుగు ముందే చేయాలి. నిజం నాణెం ఎలా ప్రవర్తిస్తుందో ఒకసారి చూశాక మీ ఊహ మారిపోతుంది, ఇక పోల్చడానికి ఏమీ మిగలదు. రాసిన కాగితాన్ని బోర్లించి పక్కన పెట్టండి.

రెండో అడుగు: ఇప్పుడు నిజంగా ఎగరేయండి

వంద సార్లు. ఎగరేసే ముందు నియమాలు పెట్టుకోండి: నాణెం చేతిలోంచి జారి మంచం కిందికి దొర్లితే ఏం చేస్తారు? లెక్కలోకి తీసుకుంటారా, మళ్లీ వేస్తారా? ఏదైనా సరే, ముందే రాసుకోండి. ఫలితం చూశాక "ఇది సరిగ్గా పడలేదులే" అని కొట్టేయడం మొదలుపెడితే ఎంపిక చేస్తున్నది మీరే అవుతారు, నాణెం కాదు.

ఇంకో చిన్న జాగ్రత్త. ఎప్పుడూ బొమ్మ పైకి పెట్టే ఎగరేయకండి, ఒకసారి బొమ్మ పైకి, ఒకసారి బొరుసు పైకి పెట్టండి. చేతిలో ఏ వైపు పైకి ఉంటే అదే వైపు పడే అవకాశం కాస్త ఎక్కువని పెర్సీ డయాకోనిస్, మరో ఇద్దరు గణితవేత్తలు 2007లో లెక్కగట్టారు: వందకు సుమారు 51. తర్వాత 2023లో ఒక పరిశోధక బృందం 3,50,757 సార్లు నాణేలు ఎగరేసి చూస్తే వచ్చింది 50.8 శాతం. మీ వంద సార్లలో ఈ తేడా కంటికి కనిపించదు. అయినా వైపు మార్చడానికి శ్రమేమీ లేదు కాబట్టి అలవాటు చేసుకోవడం మేలు.

వంద ఎక్కువనిపిస్తే జాన్ కెర్రిచ్‌ను తలుచుకోండి. రెండో ప్రపంచ యుద్ధంలో డెన్మార్క్‌లో నిర్బంధంలో ఉన్న ఈ గణితవేత్త పది వేల సార్లు నాణెం ఎగరేసి రాసుకున్నాడు. 5,067 సార్లు బొమ్మ పడింది.

మూడో అడుగు: గుంపులు లెక్కపెట్టండి

ఇప్పుడు రెండు కాగితాలూ పక్కపక్కన పెట్టండి. ముందు బొమ్మలెన్నో లెక్కపెట్టండి. నిజం కాగితంలో 40కీ 60కీ మధ్య ఎంతైనా రావచ్చు, వంద ప్రయోగాల్లో 95కు పైగా ఈ హద్దుల్లోనే ఉంటాయి. మీ బుర్ర రాసిన కాగితంలో బహుశా 50కి బాగా దగ్గరగా ఉంటుంది. ఇక్కడికి రెండూ బాగానే ఉన్నట్టు అనిపిస్తాయి.

అసలు తేడా గుంపుల్లో ఉంది. ఒకే ఫలితం వరసగా వచ్చినంత మేరా ఒక గుంపు. ఉదాహరణకు:

మ మ ర ర ర ర ర మ ర మ

ఇందులో పది ఫలితాలు, ఐదు గుంపులు: రెండు బొమ్మలది ఒకటి, ఐదు బొరుసులది ఒకటి, తర్వాత ఒంటరివి మూడు. ఫలితం మారిన ప్రతిచోటా పెన్నుతో నిలువుగీత గీస్తూ పోండి. వరస చివర ఆగకుండా కింది వరసలోకి కొనసాగించడం మరిచిపోవద్దు. బోరు కొట్టే పనే, ఒప్పుకుంటాను. కానీ ప్రయోగానికి ప్రాణం ఇక్కడే ఉంది.

నిజం నాణెం వంద సార్లలో సగటున 50 గుంపులు ఇస్తుంది, 40 నుంచి 60 దాకా మామూలే. అతి పొడవైన గుంపు మాటేమిటి? ఒక గుంపు మొదలయ్యాక తర్వాతి నాలుగు కూడా అదే వైపు పడే అవకాశం 16లో 1. గుంపులు 50 దాకా మొదలవుతాయి కాబట్టి ఐదు లేదా అంతకన్నా పొడవున్నవి మూడు దాకా ఎదురుచూడవచ్చు. అలాంటిది కనీసం ఒక్కటైనా ఉండే అవకాశం వందకు 97. అంటే వరసగా ఐదు బొరుసులు పడటం వింత కాదు. వందలో ఎక్కడా పడకపోతేనే వింత.

ఇప్పుడు మీరు బుర్రలోంచి రాసినదాన్ని చూడండి. ఐదు "మ"లు వరసగా రాయడానికి చెయ్యి వచ్చిందా? చాలామందికి మూడు రాగానే చెయ్యి ఆగుతుంది, "ఇక మార్చాలి" అనిపిస్తుంది. అందుకే గుంపులు 60 దాటిపోతాయి, పొడవైనది మూడు నాలుగు దగ్గరే ఆగిపోతుంది. నాణేనికి ముందు పడినదేదీ గుర్తుండదు. మనకు గుర్తుంటుంది, ఆ జ్ఞాపకమే మనల్ని పట్టిస్తుంది.

ఎవరితోనైనా పందెం కట్టాలనిపిస్తే రెండు కాగితాలూ కలిపేసి ఇవ్వమనండి. అతి పొడవైన గుంపు చూసి ఏది నకిలీదో చెప్పేయండి. దాదాపు ప్రతిసారీ గెలుస్తారు.

నాలుగో అడుగు: పాచికలతో 0 నుంచి 9 అంకెలు

నాణెం రెండే ఫలితాలిస్తుంది. పనికొచ్చే అంకెలు కావాలంటే పాచికలు. రెండు పాచికలు వేసి కూడితే పోలేదా అనిపిస్తుంది, కానీ కుదరదు. కూడితే 7 రావడానికి 36లో 6 దారులున్నాయి, 2 రావడానికి ఒక్కటే.

ఇలా చేయండి. ఎర్ర పాచిక బేసి సంఖ్య చూపిస్తే 0, సరి సంఖ్య చూపిస్తే 5. తెల్ల పాచిక 1 నుంచి 5 వరకు పడితే అందులోంచి ఒకటి తీసేయండి, 6 పడితే రెండు పాచికలూ మళ్లీ వేయండి. రెండూ కూడితే మీ అంకె. ఎర్రది 4, తెల్లది 3 అనుకోండి: 5 + 2 = 7. ఎర్రది 1, తెల్లది 5 అయితే 0 + 4 = 4.

తెల్లది 6 పడ్డప్పుడు పారేయడం వృథా అనిపించి, "6ను కూడా 1గా లెక్కిద్దాం" అనుకుంటే 0కీ 5కీ రెండింతల అవకాశం ఇచ్చేసినట్టే. పాచికలు లేనివాళ్లు నాణేన్నే నాలుగు సార్లు ఎగరేసి 8, 4, 2, 1 విలువలు కూడితే 0 నుంచి 15 దాకా వస్తాయి. అక్కడా 10 నుంచి పైవి పారేయాల్సిందే. కంప్యూటర్ ప్రోగ్రాములు రాసేవాళ్లు కూడా ఈ పారేసే పని బద్ధకించి, శేషం తీసి సరిపెట్టి, కొన్ని అంకెలకు తెలియకుండా మొగ్గు ఇస్తుంటారు.

ఇలా వంద అంకెలు రాయండి. ఇలాంటి అంకెల పట్టికలకు ఒకప్పుడు ఎంత గిరాకీ ఉండేదంటే, టిప్పెట్ అనే గణాంకవేత్త 1927లో 41,600 అంకెల పట్టికను అచ్చువేయించాడు. శాంపిల్ తీయాల్సిన వాళ్లు అది తెరిచి వరసగా చదువుకునేవారు.

ఐదో అడుగు: కై-స్క్వేర్

ప్రతి అంకె ఎన్నిసార్లు వచ్చిందో లెక్కపెట్టండి. ఒక్కోటి 10 సార్లు రావాలని మన అంచనా. వచ్చినదానికీ 10కీ తేడా తీసి, దాని వర్గం చేసి, 10తో భాగించి, పదింటినీ కూడండి. కార్ల్ పియర్సన్ 1900లో ఇచ్చిన కొలత ఇది, పేరు కై-స్క్వేర్.

ఉదాహరణకు 0 నుంచి 9 వరకు వచ్చిన లెక్కలు వరసగా 12, 7, 9, 13, 10, 8, 11, 14, 6, 10 అనుకుందాం. తేడాల వర్గాలు 4, 9, 1, 9, 0, 4, 1, 16, 16, 0. మొత్తం 60, పదితో భాగిస్తే 6.0.

పది అంకెల మీద చేసే ఈ పరీక్షకు రెండు హద్దులు గుర్తుంచుకోండి. నిజాయితీ ఉన్న పాచికలకైనా 16.92 దాటడం వందకు ఐదుసార్లు జరుగుతుంది. 3.33 కంటే తగ్గడం కూడా అంతే. పై హద్దు అందరూ చూస్తారు: ఏదో అంకె మరీ ఎక్కువగా వస్తోందని అర్థం. కింది హద్దును పట్టించుకునేవాళ్లు తక్కువ. లెక్కలు అన్నీ 10, 10, 9, 11 అంటూ మరీ నున్నగా వస్తే అదీ అనుమానించదగ్గదే. ఎవరో సర్ది పెట్టినట్టు.

హద్దు దాటగానే పాచికలు పారేయకండి. ఇంకో వంద వేసి చూడండి. ఒకసారి దాటడం పదింట ఒక వంతు అవకాశం, మళ్లీ మళ్లీ దాటితేనే పాచికలో లోపం ఉన్నట్టు.

పనిలో పనిగా పక్కపక్కనే ఒకే అంకె ఎన్నిసార్లు పడిందో కూడా చూడండి (33, 77 లాంటివి). వంద అంకెల్లో పక్కపక్క జతలు 99, అందులో పదో వంతు, అంటే పది దాకా ఉండాలి. మనుషులు ఊహించి రాసిన అంకెల్లో ఇవి సాధారణంగా తక్కువే ఉంటాయి.

ఆరో అడుగు: మీ సొంత జనరేటర్

ఇప్పుడు పాచికలు పక్కన పెట్టి, లెక్కతో ర్యాండమ్ నంబర్లు పుట్టిద్దాం. సూత్రం ఇది: ఉన్న సంఖ్యను 21తో గుణించండి, 17 కలపండి, వచ్చినదానిలో చివరి రెండు అంకెలే ఉంచుకోండి. అదే తర్వాతి సంఖ్య. మొదలుపెట్టే సంఖ్యను సీడ్ అంటారు. మన సీడ్ 03.

21 × 3 = 63, 17 కలిపితే 80. తర్వాత 21 × 80 = 1680, 17 కలిపితే 1697, ఉంచుకునేది 97. అలా సాగిస్తే మొదటి పది:

03 80 97 54 51 88 65 82 39 36

చూడటానికి బ్రహ్మాండంగా ఉంది కదా. ఇంకో ఇరవై రాయండి, వరసకు కచ్చితంగా పది చొప్పున:

73 50 67 24 21 58 35 52 09 06
43 20 37 94 91 28 05 22 79 76

ఇక నిలువుగా చదవండి. మొదటి నిలువు వరసలో 03, 73, 43. రెండోదానిలో 80, 50, 20. ప్రతి గడిలోనూ ఒకట్ల స్థానం అసలు మారడం లేదు. పదుల స్థానానికి ప్రతిసారీ 7 కలుస్తోంది, పది దాటితే చుట్టు తిరుగుతోంది. మొదటి వరస తెలిస్తే చాలు, మిగతా తొంభై సంఖ్యలూ గుణించకుండానే రాసేయవచ్చు. అడ్డంగా చూసినా అంతే: ఒకట్ల అంకెలు 3, 0, 7, 4, 1, 8, 5, 2, 9, 6. ఒక్కోదానికి 7 కలుపుకుంటూ పోవడమే.

ఇప్పుడు ఈ ఒకట్ల అంకెలకు కై-స్క్వేర్ కట్టండి. వంద సంఖ్యల్లో ప్రతి అంకె సరిగ్గా పదిసార్లు. ఫలితం 0. అన్నిటికన్నా సమానంగా వచ్చిన వరస ఇదే, అన్నిటికన్నా తేలిగ్గా ఊహించగలిగేదీ ఇదే. కింది హద్దు ఎందుకు చూడమన్నానో అర్థమై ఉంటుంది.

ఇంకో పరీక్ష పెట్టండి. ఈ జనరేటర్ వంద అడుగుల్లో 00 నుంచి 99 వరకు ప్రతి సంఖ్యనూ ఒక్కసారి మాత్రమే ఇచ్చి మళ్లీ 03కు వస్తుంది. పాచికలతో వచ్చిన అంకెలను రెండేసి కలిపి చదివి పోల్చండి. నిజంగా ర్యాండమ్ అయితే 13 సంఖ్యలు రాసేసరికే ఏదో ఒకటి రెండోసారి వచ్చే అవకాశం సగానికి మించుతుంది. వంద సంఖ్యలు రాస్తే వేరువేరువి 63 దాకానే ఉంటాయి, 37 దాకా అసలు ముఖమే చూపించవు. పునరుక్తి లేకపోవడమే ఇక్కడ దొంగను పట్టిస్తుంది.

ఇది చిన్నపిల్లల ఆట అనుకోకండి. 1960ల్లో ఐబీఎం కంప్యూటర్లలో వాడిన రాండూ అనే జనరేటర్ ఇదే కుటుంబానికి చెందినది, గుణకం మాత్రం 65,539. దాని సంఖ్యలను మూడేసి తీసుకుని త్రిమితీయంగా చుక్కలు పెడితే అవన్నీ కేవలం 15 సమతలాల మీద పేర్చినట్టు పడతాయి. ఇలాంటి జనరేటర్లన్నిటికీ ఈ జబ్బు ఉంటుందని జార్జ్ మర్సాలియా 1968లో చూపించాడు. ఒక్కో సంఖ్యను విడిగా చూస్తే ఇది కనపడదు. మన పది వరసల పట్టికలాగే, సరైన కోణంలో పేర్చి చూడాలి.

దీనికన్నా పాత పద్ధతి కూడా ఒకసారి ప్రయత్నించండి, సరదాగా ఉంటుంది. జాన్ వాన్ నాయ్‌మన్ 1940ల్లో వాడినది: నాలుగంకెల సంఖ్య తీసుకుని వర్గం చేయండి, ఎనిమిది అంకెలు లేకపోతే ముందు సున్నా చేర్చండి, మధ్య నాలుగు అంకెలు తీసుకోండి. 1234 వర్గం 01522756, మధ్యవి 5227. దాని వర్గం 27321529, మధ్యవి 3215. బాగానే నడుస్తుంది. కానీ దురదృష్టం కొద్దీ 3792 తగిలిందంటే దాని వర్గం 14379264, మధ్యలో మళ్లీ 3792. ఇక కదలదు. 6100 తగిలితే 2100, 4100, 8100 మీదుగా మళ్లీ 6100కే వచ్చి తిరుగుతూ ఉంటుంది. మీకు నచ్చిన సీడ్‌తో మొదలుపెట్టి ఎన్ని అడుగులకు ఇరుక్కుంటుందో చూడండి.

ఏడో అడుగు: స్ప్రెడ్‌షీట్

ర్యాండ్‌బిట్వీన్ ఫార్ములాతో 0, 9 హద్దులుగా వంద గడులు నింపి, కౌంట్‌ఇఫ్‌తో లెక్కలు తీసి, కై-స్క్వేర్ ఒక గడిలో వచ్చేలా కట్టండి. ఏదైనా ఖాళీ గడిలో ఏదో టైప్ చేసి ఎంటర్ నొక్కితే మొత్తం వంద అంకెలూ మారిపోతాయి. అలా ఇరవై సార్లు మార్చి, ప్రతిసారీ వచ్చిన విలువ నోటుపుస్తకంలో రాయండి. 4 రావచ్చు, 13 రావచ్చు, రెండుసార్లు దాకా హద్దులు దాటవచ్చు. "ర్యాండమ్ అయితే ఎంత ఊగుతుంది" అనేది సూత్రాలకన్నా ఈ ఇరవై విలువల్లో బాగా తెలుస్తుంది.

పైథాన్ అనే ప్రోగ్రామింగ్ భాష తెలిసినవాళ్లు సీడ్ ఇచ్చి చూడండి. ఒకే సీడ్, అవే సంఖ్యలు, ఎన్నిసార్లు నడిపినా. పైథాన్‌లో సాధారణ ర్యాండమ్ మాడ్యూల్ వెనక ఉన్నది మకోతో మత్సుమోతో, తకుజి నిషిమురాల మెర్సెన్ ట్విస్టర్ అనే జనరేటర్. మన 21–17 జనరేటర్ వందకే మొదటికి వస్తే, ఇది మొదటికి రావడానికి 2ను 19,937 సార్లు గుణిస్తే వచ్చే సంఖ్యలో ఒకటి తక్కువ అడుగులు పడుతుంది. ఆటలకూ, శాంపిల్ ఎంపికకూ, సిమ్యులేషన్లకూ హాయిగా వాడుకోవచ్చు. సీడ్ ఎంతో ఫలితం పక్కనే రాసిపెట్టుకుంటే ఇంకొకరు అదే ప్రయోగాన్ని తు.చ. తప్పకుండా మళ్లీ నడపగలరు. ఈ పనికి మాత్రం లెక్కతో పుట్టిన సంఖ్యలే నిజం పాచికలకన్నా మేలు.

పాస్‌వర్డ్‌ల దగ్గర లెక్క తిరగబడుతుంది. మెర్సెన్ ట్విస్టర్ నుంచి వరసగా వచ్చిన 624 పూర్తి సంఖ్యలు ఎవరి చేతిలోనైనా పడితే, తర్వాత రాబోయేవన్నీ వాళ్లు లెక్కగట్టేయగలరు. రహస్యంగా ఉంచాల్సిన వాటికి పైథాన్‌లో సీక్రెట్స్ అనే వేరే మాడ్యూల్ ఉంది, అది ఆపరేటింగ్ సిస్టమ్‌ను అడిగి తెచ్చుకుంటుంది. ఆరంకెల పిన్ ఒక్కటే కావాలంటే కంప్యూటర్ కూడా అక్కర్లేదు. నాలుగో అడుగులో చెప్పినట్టు పాచికలు వేసి కొత్తగా ఆరు అంకెలు తీయండి. ప్రయోగం కోసం రాసిన కాగితంలోంచి మాత్రం తీసుకోకండి. వచ్చినవి 445 559 లాగా ఉన్నాయని మొహం చిట్లించి మళ్లీ వేయకండి కూడా.